అరకు బస్సు టికెట్: ఛార్జీ ఎలా పెరుగుతుంది, డబ్బు ఎలా కట్టాలి, ఉచితం ఎవరికి

అరకు లోయ నుంచి పాడేరుకు రోడ్డు మీద నలభై పైచిలుకు కిలోమీటర్లు. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి పాడేరు జిల్లా కేంద్రం అయింది. అప్పటి నుంచి కలెక్టరేట్ పని ఉన్నా, ఐటీడీఏ పని ఉన్నా అరకు, అనంతగిరి, డుంబ్రిగుడ వాళ్లు అటే వెళ్లాలి. జిల్లా వచ్చిన పది రోజులకే, ఏప్రిల్ 14న, బస్సు టికెట్ మీద డీజిల్ సెస్ వచ్చింది. జూలై 1న రెండోసారి పెరిగింది. ఈ రెండూ కలిపితే అరకు-పాడేరు పల్లెవెలుగు టికెట్‌పై ఒక వైపుకి 7 రూపాయలు, రానూపోనూ 14 రూపాయలు అదనంగా పడింది. ఊళ్లో కూలి చేసుకునే మనిషికి అది చిన్న మొత్తమేం కాదు.

ఆర్టీసీ ఛార్జీలు పెరుగుతాయన్న మాట వినబడినప్పుడల్లా చర్చ విజయవాడ, విశాఖ సిటీ బస్సుల చుట్టూనే తిరుగుతుంది. కొండ మీది లెక్క వేరు. అది తెలియాలంటే గత మూడు పెంపులూ ఎలా వచ్చాయో చూడాలి.

మూడు పెంపులు, మూడు పద్ధతులు

2019 డిసెంబర్ 11 నుంచి అమలైన పెంపు కిలోమీటరు లెక్కన వచ్చింది. పల్లెవెలుగు, సిటీ బస్సులకు కిలోమీటరుకు 10 పైసలు, ఎక్స్‌ప్రెస్ మొదలైన వాటికి 20 పైసలు. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు అనుకుంటే పల్లెవెలుగులో 11 రూపాయల 50 పైసలు, ఎక్స్‌ప్రెస్‌లో 23 రూపాయలు పెరిగినట్టు. దూరం పోయేవాళ్లకు ఎక్కువ, దగ్గర పోయేవాళ్లకు తక్కువ. ఇందులో అర్థం కానిదేమీ లేదు.

2022 ఏప్రిల్ పెంపు అలాంటిది కాదు. తలకింత అని పెట్టారు: పల్లెవెలుగుకు 2 రూపాయలు, ఎక్స్‌ప్రెస్‌కు 5, ఆపై సర్వీసులకు 10. పల్లెవెలుగు కనీస ఛార్జీ 10 రూపాయలైంది. వినడానికి రెండు రూపాయలే. కానీ 10 రూపాయల టికెట్‌లో 2 రూపాయలంటే అయిదో వంతు. అదే 100 రూపాయల ఎక్స్‌ప్రెస్ టికెట్ మీద 5 రూపాయలంటే ఇరవయ్యో వంతు. పక్క ఊరి సంతకు అల్లం బుట్టతో పోయే మనిషి మీద పడిన బరువే ఎక్కువన్నమాట.

అదే ఏడాది జూలై 1న సెస్‌ను దూరానికి ముడిపెట్టారు. పల్లెవెలుగులో 30 కిలోమీటర్ల వరకు పెంపు లేదు. 35 నుంచి 60 కిలోమీటర్ల వరకు అదనంగా 5 రూపాయలు, 60 దాటితే 10. విజయవాడ, విశాఖ సిటీ బస్సులకు మినహాయింపు ఇచ్చారు. మైదానంలో ఆస్పత్రి, కాలేజీ, ఆఫీసు ముప్పై కిలోమీటర్ల లోపే దొరుకుతాయి కాబట్టి చాలామందికి ఈ పెంపు తగల్లేదు. మన్యంలో ఒక మండలం నుంచి జిల్లా కేంద్రానికి పోవాలంటేనే ఆ గీత దాటిపోతుంది. కొండవాళ్ల మీద వేయాలని ఎవరూ అనుకొని ఉండరు, లెక్క మాత్రం అలా తేలింది.

నిర్ణయం ఎవరిది?

మోటారు వాహనాల చట్టంలోని 67వ సెక్షన్ ప్రకారం స్టేజి క్యారేజీ ఛార్జీలపై ఆదేశాలిచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. ఆర్టీసీ ప్రతిపాదన పంపుతుంది, ప్రభుత్వం ఒప్పుకుంటుంది. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రజా రవాణా శాఖ కిందికి వచ్చి ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. ఛార్జీల దారి మాత్రం అదే.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. కరెంటు ఛార్జీలు పెంచాలంటే ఏపీ విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ జరపాలి, అభ్యంతరాలు వినాలి. మెట్రో రైలుకు ఛార్జీల నిర్ణయ కమిటీ ఉంటుంది. బస్సుకు అలాంటిదేమీ లేదు. 2022లో రెండుసార్లూ ముందురోజు చెప్పి మర్నాటి నుంచి వసూలు చేశారు. పాడేరు ఘాట్‌లో బస్సు ఎక్కినవాళ్లలో చాలామందికి కండక్టర్ చెబితేనే తెలిసింది. ప్రతిపాదన దశలోనే మాట చెప్పుకోవాలంటే ఎమ్మెల్యేకో, కలెక్టరేట్ ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనో అర్జీ పెట్టుకోవడం తప్ప వేరే దారి లేదు.

ఉచితం వచ్చాక టికెట్ కొనేది ఎవరు?

2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ అనే అయిదు రకాల బస్సుల్లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన మహిళలు, బాలికలు, ట్రాన్స్‌జెండర్లకు టికెట్ డబ్బు లేదు. మొత్తం 8,458 బస్సులు దీని కిందికి వస్తాయని, ఏడాదికి రూ.1,942 కోట్ల ఖర్చు ప్రభుత్వమే భరిస్తుందని అప్పట్లో ప్రకటించారు. ఘాట్ రూట్ల మీద మొదట్లో అయోమయం నడిచింది. ఆ నెలలోనే ఘాట్ రోడ్ల బస్సులకూ వర్తిస్తుందని స్పష్టం చేశారు. అరకు, పాడేరు వైపు మహిళలకు ఇది పెద్ద ఊరట. మందులకో, బిడ్డ టీకాకో బయల్దేరాలంటే ఇంట్లో మగవాళ్లను డబ్బు అడగాల్సిన పని తప్పింది.

ఈద్ సెలవులకు కుటుంబంతో అరకు వెళ్లేవాళ్లు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. విశాఖ ద్వారకా బస్ స్టేషన్‌లో బస్సు ఎక్కే ముందు బోర్డు చూడాలి. డీలక్స్, సూపర్ లగ్జరీ, ఏసీ బస్సుల్లో ఉచితం లేదు. అరకు దాటి ఒడిశా వైపు పోయే అంతర్రాష్ట్ర సర్వీసుల్లోనూ లేదు. ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు లాంటి గుర్తింపు చూపితే కండక్టర్ జీరో టికెట్ ఇస్తాడు. డబ్బు లేదు కదా అని ఆ కాగితం తీసుకోకుండా కూర్చోకూడదు, చెకింగ్‌లో అడిగేది దాన్నే. హైదరాబాద్‌లో మెట్టినింటి చిరునామాకు ఆధార్ మార్చుకున్న ఆడపిల్ల పుట్టింటికి వచ్చి బస్సెక్కితే టికెట్ కొనాల్సిందే. చిరునామా ఆంధ్రప్రదేశ్‌దై ఉండాలి.

ఇక డబ్బు కట్టేది మిగతావాళ్లు: మగవాళ్లు, అబ్బాయిలు, బయటి రాష్ట్రాల వాళ్లు. 60 ఏళ్లు దాటినవాళ్లకు 25 శాతం రాయితీ ఉంది, వయసు రుజువు చూపాలి. 5 నుంచి 12 ఏళ్ల పిల్లలకు అర టికెట్. రేపు ఛార్జీ పెరిగితే ఆ పెంపు చేతి నుంచి కట్టేది ముఖ్యంగా వీళ్లే. మహిళల టికెట్ల సంగతి ప్రభుత్వానికీ ఆర్టీసీకీ మధ్య లెక్క.

పెరుగుతుందా అంటే, పక్క రాష్ట్రాలను చూడడం మంచిది. కర్ణాటకలో 2023 జూన్‌లో మహిళలకు ఉచితం వచ్చింది, 2025 జనవరి 5 నుంచి బస్సు ఛార్జీలు 15 శాతం పెరిగాయి. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి మొదలైంది. 2025 అక్టోబర్ 6 నుంచి హైదరాబాద్ సిటీ బస్సుల్లో మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు పెంచారు. అక్కడి ప్రభుత్వాలు డీజిల్, జీతాలు, ఎలక్ట్రిక్ బస్సుల ఏర్పాట్లను కారణంగా చెప్పాయి. ఉచితం వల్లే పెరిగిందని తేల్చేయడం తొందరపాటు. కానీ ఉచితం ఇచ్చాక ఛార్జీ పెంచరని అనుకోవడమూ అంతే.

ఇందులో మన ఇళ్లకు తగిలే మరో కోణం ఉంది. ఆటో నడిపి బతికే కుటుంబాలు మనలో తక్కువేం కాదు. మహిళలు బస్సుకు మళ్లడంతో గిరాకీ పడిపోయిందని డ్రైవర్లు గోల పెట్టాక, 2025 అక్టోబర్ 4న ఆటో, ట్యాక్సీ, మ్యాక్సీ క్యాబ్ డ్రైవర్లకు ఏడాదికి 15,000 రూపాయల సాయం మొదలుపెట్టారు. మన్యంలో సంగతి కొంచెం వేరు. బస్సు లేని ఊళ్లకు ఇప్పటికీ షేర్ జీపే దిక్కు. జీపులో స్త్రీ శక్తి లేదు, రాయితీ లేదు, టికెట్టూ లేదు.

ఫోన్‌తో కట్టడం, సిగ్నల్‌తో తిప్పలు

2022 నుంచి ఆర్టీసీ పాత టిమ్ మిషన్ల స్థానంలో ఈ-పోస్ మిషన్లు తెచ్చింది. ఈ పద్ధతి పేరు యూనిఫైడ్ టికెటింగ్ సొల్యూషన్, అంటే యూటీఎస్. రైల్వే టికెట్ యాప్ పేరు కూడా యూటీఎస్ కావడంతో చాలామంది కలగాపులగం చేస్తుంటారు. పాత మిషన్‌లో డిపో దగ్గర రూట్ ఎక్కించి పంపితే సరిపోయేది. కొత్త మిషన్ సర్వర్‌తో మాట్లాడుతుంది. ఫోన్‌పే, గూగుల్‌పే లాంటివి, కార్డులు కూడా తీసుకుంటుంది. చిల్లర గొడవ ఉండదు.

సిగ్నల్ ఉన్నంత వరకు ఇది బాగానే ఉంటుంది. యూపీఐ చెల్లింపు పూర్తి కావాలంటే ఇటు ప్రయాణికుడి ఫోన్‌కు, అటు కండక్టర్ మిషన్‌కు నెట్ అందాలి. అనంతగిరి ఘాట్‌లో ఒక మలుపులో దొరికిన సిగ్నల్ తర్వాతి మలుపులో ఉండదు. 2023 జూన్‌లో రాష్ట్రంలోని మారుమూల ప్రాంతాల్లో 100 4జీ టవర్లు ఒకేసారి ప్రారంభిస్తే, వాటిలో 85 అల్లూరి జిల్లావే. లోటు ఎక్కడుందో ఆ అంకే చెబుతోంది. కీప్యాడ్ ఫోన్ల కోసం 2022 మార్చిలో రిజర్వ్ బ్యాంక్ తెచ్చిన యూపీఐ 123పే ఉంది. కానీ కిక్కిరిసిన బస్సులో కాల్ చేసి నంబర్లు నొక్కుతూ కూర్చోవడం అయ్యే పని కాదు.

ఖాతాలో డబ్బు కట్ అయి కండక్టర్ మిషన్‌లో కనబడకపోతే గొడవ పడి లాభం లేదు. అతను తన లెక్క డిపోలో అప్పజెప్పాలి. లావాదేవీ నంబర్ దాచుకుంటే చాలు. వ్యాపారికి కట్టిన యూపీఐ సొమ్ము చేరకపోతే 5 రోజుల్లో వెనక్కి రావాలి, ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి అని రిజర్వ్ బ్యాంక్ నిబంధన 2019 నుంచి ఉంది. అయినా ఆ పూట టికెట్‌కు నోటు జేబులో ఉండాల్సిందే.

కొండలకు నిజంగా పనికొచ్చే పద్ధతి మరొకటి ఉంది. 2019 మార్చిలో మొదలైన నేషనల్ కామన్ మొబిలిటీ కార్డు. దీని చిప్‌లోనే 2,000 రూపాయల వరకు నిల్వ ఉంటుంది. మిషన్‌కు తాకిస్తే నెట్ లేకుండానే డబ్బు తెగుతుంది. చెన్నైలో ఇదే తరహా కార్డుతో మెట్రో ఎక్కుతున్నారు, 2025 జనవరి నుంచి ఎంటీసీ బస్సులూ ఎక్కుతున్నారు. సిగ్నల్‌కు కొదవలేని మహానగరాల్లో ముందు వచ్చింది. దాని అవసరం ఎక్కువగా ఉన్నది మాత్రం ముంచింగిపుట్టు, పెదబయలు రూట్లలో.

రైలు సంగతి

విశాఖ-కిరండోల్ పాసింజర్ అరకు వాళ్లకు ఎప్పటి నుంచో చవక దారి. కోవిడ్ తర్వాత దేశమంతా పాసింజర్ బండ్లకు స్పెషల్ పేరు తగిలించి ఎక్స్‌ప్రెస్ ఛార్జీ తీసుకున్నారు. కనీస టికెట్ 10 నుంచి 30 రూపాయలైంది. 2024 ఫిబ్రవరి చివర్లో మళ్లీ పాత ఆర్డినరీ ఛార్జీకి తెచ్చారు. 2025 డిసెంబర్ 26 నుంచి వచ్చిన రైల్వే పెంపులో ఆర్డినరీ తరగతికి 215 కిలోమీటర్ల వరకు మినహాయింపు ఉంది, విశాఖ-అరకు దూరం దాని లోపే. 2017లో వచ్చిన అద్దాల బోగీ, విస్టాడోమ్, పర్యాటకుల కోసం. దాని టికెట్ ఖరీదు వేరు. మామూలు బోగీలో స్త్రీ శక్తి ఉండదు, ఆడవాళ్లకూ టికెట్ తీసుకోవాలి. రోజుకు దొరికే బండ్లు తక్కువ కాబట్టి వెళ్లేటప్పుడు రైలు, తిరిగి వచ్చేటప్పుడు బస్సు అనుకునేవాళ్లు అరకులో దిగగానే సాయంత్రం బస్సు వేళ కనుక్కోవడం మంచిది.