ఇంటిగదిలో విద్యుత్ గిటారు

రేడియో ఉన్న ఇంటిలో ఒక ఆంప్లిఫయరు, ఒక లౌడుస్పీకరు కూడ ఉన్నట్లే. విద్యుత్ గిటారు కథ ఒక విధముగా ఈ చిన్న సంగతితోనే మొదలైనది. 1915లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున, వాకెషా పట్టణమున జన్మించిన లెస్ పాల్, బాల్యమున రోడ్డు ప్రక్క ఫలహారశాల వద్ద గిటారు వాయించేవాడు. దూరమున కూర్చున్నవారికి వాద్యము వినబడకపోవుటచే, గ్రామఫోను సూదిని గిటారు చెక్కలో గుచ్చి, దానిని ఇంటి రేడియోకు తగిలించితినని ఆయనే తరువాత చెప్పుకొన్నాడు. అప్పటికి అంగళ్ళలో విద్యుత్ గిటారు అను వస్తువే లేదు.

1931లో లాస్ ఏంజెలిస్ నగరమున జార్జి బోషాం, అడాల్ఫ్ రికెన్‌బాకర్ కలిసి మొదటి నమూనా తయారుచేసినారు. మరుసటి ఏడాది అది అమ్మకమునకు వచ్చినది. అది ఒడిలో పెట్టుకొని వాయించు హవాయి గిటారు. ఆకారమును బట్టి దానికి వేపుడు పెనము అని ముద్దుపేరు వచ్చినది. అందలి కీలకము చాల సులభము. ఉక్కుతీగె అయస్కాంతము చెంత కంపించినపుడు, చుట్టియున్న సన్నని రాగితీగెలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఆంప్లిఫయరు దానిని బలపరచును. కనుక ఈ వాద్యమున నాదమును తీర్చు బాధ్యతలో పెద్ద పాలు చెక్కపెట్టె నుండి తొలగి, వాల్వులకు, స్పీకరుకు సంక్రమించినది. మన పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్‌పై కర్ణాటక గమకములు పలికించుటకు విద్యుత్ మాండలిన్‌నే ఆశ్రయించుట ఇక్కడ స్మరింపదగిన విషయము. తీగె పలుకు నిలువనిదే గమకము సాగదు.

ఇక ఇంటిలోనే శబ్దగ్రహణము చేయుట. హాలీవుడ్‌లోని తన ఇంటి గరాజునే లెస్ పాల్ స్టూడియోగా మార్చినాడు. శబ్దఫలకములను చెక్కు యంత్రమునకు కాడిలాక్ మోటారుకారు ఫ్లైవీలును అమర్చుకొన్నాడు. ఒక ఫలకముపై ఒక గిటారు వాయించి, దానిని మ్రోగించుచు రెండవ ఫలకముపై మరియొకటి కలిపి, ఇట్లు ఎనిమిది గిటారుల నాదమును ఒక్కడే కూర్చి, 1948లో ‘లవర్’ అను రికార్డును వెలువరించినాడు. 1949లో గాయకుడు బింగ్ క్రాస్బీ ఆయనకు ఆంపెక్స్ టేపు యంత్రము నొకదానిని బహూకరించినాడు. లెస్ పాల్ దానికి అదనముగా ఒక హెడ్డును బిగించి, పాత ధ్వనిపై క్రొత్త ధ్వనిని అదే టేపుపై చేర్చు పద్ధతిని కనిపెట్టినాడు. న్యూయార్కులోని జాక్సన్ హైట్సు ఇంటిలో భార్య మేరీ ఫోర్డుతో 1951 జనవరిలో అట్లు కూర్చిన ‘హౌ హై ద మూన్’ తొమ్మిది వారములు అమెరికా పట్టికలో ప్రథమస్థానమున నిలిచినది.

ఈ పద్ధతిలోని సాహసమును పాఠకులు గమనింపవలెను. క్రొత్త వరుస చేరగానే పాతది చెరిగిపోవును. పదకొండు వరుసలు చక్కగా వచ్చి, పండ్రెండవ వరుసలో ఒక్క స్వరము తప్పినను అంతయు మొదటికి వచ్చును. గాయని, వాద్యకారుడు ఇరువురును ఆ భయముతోనే పనిచేసినారు. అయితే దీనిని చౌకబేరముగా చెప్పువారితో మేము ఏకీభవింపజాలము. ఆంపెక్స్ యంత్రము సామాన్య గృహస్థు కొనగలిగినది కాదు. అది మిత్రుని కానుక. నిజమైన పేదవాని నాదమును వెదకుటకు మనము అదే సంవత్సరమున మెంఫిస్ నగరమునకు పోవలెను.

1951 మార్చిలో ఐక్ టర్నర్ బృందము ‘రాకెట్ 88’ వాయించుటకు అక్కడి సామ్ ఫిలిప్స్ స్టూడియోకు పోవుచుండగా, దారిలో గిటారు ఆంప్లిఫయరు దెబ్బతిన్నది. బాగుచేయించు వ్యవధి లేదు. స్పీకరులో కాగితము కుక్కి అట్లే వాయించినారు. బొంగురుపోయిన ఆ ధ్వనిని ఫిలిప్స్ దాచక, ముందుకు తెచ్చి వినిపించినాడు. 1958లో లింక్ రే ‘రంబుల్’ కొరకు బుద్ధిపూర్వకముగానే పెన్సిలుతో స్పీకరు కాగితమునకు తూట్లు పొడిచినాడు. మాటలు లేని ఆ వాద్యగీతమును కొన్ని అమెరికన్ రేడియో కేంద్రములు యువకులను రెచ్చగొట్టునని నిషేధించుట విచిత్రము! 1964లో లండనులో డేవ్ డేవిస్ తన చిన్న ఎల్పికో ఆంప్లిఫయరు స్పీకరును క్షురపత్రముతో కోసి, ‘యూ రియల్లీ గాట్ మీ’ పాటకు ఆ కఠోరధ్వనిని సంపాదించినాడు.

చెడిన ధ్వని చెవి కెందుకు ఇంపగును? తరంగము పరిమితి మీరినపుడు దాని శిఖరములు నరకబడి, మూలస్వరమునకు పైన క్రొత్త అనుస్వరములు పుట్టును. పలుకు చిక్కపడును, ఎక్కువసేపు నిలిచినట్లు తోచును. తంబురా తీగెకు, గుర్రమునకు నడుమ నూలుపోగు జొనిపి జీవాళి తెచ్చుకొను మనకు ఇది బొత్తిగా అపరిచితము కాదు. 1968లో కీత్ రిచర్డ్స్ సాధారణ గిటారును చిన్న ఫిలిప్స్ కాసెట్ యంత్రములోనికి గట్టిగా వాయించి, ఆ యంత్రము ఉక్కిరిబిక్కిరి కాగా వచ్చిన పలుకునే ‘స్ట్రీట్ ఫైటింగ్ మాన్’ పాటకు వాడుకొన్నాడు.

1979లో టియాక్ సంస్థ వెలువరించిన పోర్టాస్టూడియో మామూలు కాసెట్టుపై నాలుగు వరుసలను విడివిడిగా నిలిపినది. లెస్ పాల్‌ను వేధించిన భయము చాలవరకు తొలగినది. 1998లో లైన్ 6 సంస్థ తెచ్చిన పాడ్ అను పరికరము పేరుగల ఆంప్లిఫయరుల పోకడను అంకెలలో అనుకరించినది. నేడు ఆ పని ఉచిత కంప్యూటరు ప్రోగ్రాములే చేయుచున్నవి. వీనిని చిన్నచూపు చూచువారున్నారు. మాకు అట్టి పట్టుదల లేదు.

అయినను చిన్న ఆంప్లిఫయరు కలవారు ఒకటి తెలిసికొనవలెను. పెద్ద పెట్టెను ఇంటిలో తగ్గించి వాయించుట కంటె, తక్కువ శక్తి గల పెట్టెను దాని నిండుబలముతో వాయించుట మేలు. ఇరుగుపొరుగువారి నిద్ర చెడదు, మైకునకు చిక్కని ధ్వని దొరకును. 1965 నుండి వాడుకలో ఉన్న ష్యూర్ ఎస్‌ఎం57 వంటి మైకును స్పీకరు గుడ్డకు చెంత నుంచి, మధ్యభాగమునకు గురిచేసిన పలుకు పదునుగాను, అంచునకు జరిపిన మెత్తగాను వచ్చును. ఖర్చు లేని ఈ అంగుళము జరుపుట పెక్కు పరికరముల కంటె ఎక్కువ పని చేయును.

చిన్నపెట్టె గొప్పకు బ్రయన్ మే ఉదాహరణ చాలును. ఆయన 1963లో తండ్రితో కలిసి పాత పొయ్యిగూటి చెక్కతో గిటారు చేయ మొదలిడినాడు. దాని స్ప్రింగులు పాత మోటారుసైకిలువి. కొంతకాలమునకు, 1972 ప్రాంతమున, తోటివాడు జాన్ డీకన్ చెత్తతొట్టిలో దొరికిన ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరు పలకను ఒక పుస్తకాల అర స్పీకరు పెట్టెలో బిగించి ఇచ్చినాడు. అది బాటరీతో పనిచేయును. శక్తి ఒక వాట్టుకు అటునిటు. క్వీన్ బృందపు రికార్డులలో పిల్లనగ్రోవుల వలె, బాకాల వలె వినబడు గిటారు వరుసలు అనేకము ఆ పెట్టె నుండి వచ్చినవే. తరువాత నిపుణులు దానిని విప్పి పరిశీలించి నకళ్ళు తయారుచేసి అమ్మినారు. వాని వెల మాత్రము చౌక కాదు.