పోకర్ టోర్నమెంట్లో నిలకడలేని జత

టెక్సాస్ హోల్డెమ్ పోకర్‌లో ఇప్పటికి పైచేయిగా ఉండి, తర్వాత తిరిగే ఒకటి రెండు ముక్కలతో వెనకబడిపోయే జతను నిలకడలేని జత అనవచ్చు. మధ్యరకం జతలన్నీ ఈ కోవలోవే. చేతిలో రెండు తొమ్మిదులుంటే, బల్ల మీద మొదట పరిచే మూడు ముక్కల్లో, అంటే ఫ్లాప్‌లో, తొమ్మిదికి పైముక్క ఒక్కటైనా పడే అవకాశం 79 శాతం. జాకీల జతకు కూడా అది 57 శాతం.

కార్వేటినగరం, పుత్తూరు వైపు పెళ్లి ఇళ్లలో దుప్పటి పరిచి ఆడేది రమ్మీ గానీ పోకర్ కాదు. అయినా కౌంటు 101 చేరినవాడు ఆట నుంచి తప్పుకునే 101 పూల్ రమ్మీ ఆడినవాళ్లకు ఈ సమస్య తెలిసినదే. మొదటి వంతులో డ్రాప్ అయితే 20, మధ్యలో అయితే 40, నిండా ఇరుక్కుంటే 80. కౌంటు 20లో ఉన్నవాడు 80 తిన్నా 100 దగ్గర బతికి ఉంటాడు. 75లో ఉన్నవాడు అవే ముక్కలు పడేసి 95తో నిలబడతాడు. ముక్కలు మారలేదు, ప్రాణం ఎంత మిగిలిందన్నదే మారింది.

పందెం లెక్క దగ్గరకు వద్దాం. ఫ్లాప్‌లో ఇస్పేటు ఎనిమిది, ఇస్పేటు ఆరు, డైమన్ రెండు పడ్డాయి. మన దగ్గర ఆఠీను, కళావరు తొమ్మిదులు. పాట్‌లో, అంటే మధ్యలో పోగైన పందెంలో, 1,000 చిప్స్. పందెం కట్టకుండా చెక్ చేస్తే ఎదుటివాడికి తర్వాతి ముక్క ఉచితం. అతని దగ్గర ఇస్పేట్లు కాని ఆసు, రాజు ఉంటే, జత కుదిర్చే ముక్కలు ఆరు. తర్వాతి ముక్కకే కుదిరే అవకాశం 13 శాతం. రెండు ఇస్పేట్లుంటే, ఐదు ఇస్పేట్ల ఫ్లష్‌కు పనికొచ్చేవి తొమ్మిది, అవకాశం 20 శాతం. 250 బెట్ చేస్తే, అతను 250 కట్టి 1,500 పాట్ కోసం ఆడుతున్నట్టు. గిట్టాలంటే 17 శాతం కావాలి. ఆసు-రాజుకు ఆ కాల్ నష్టం, ఇస్పేట్ల వాడికి లాభం. 500 బెట్ చేస్తే 25 శాతం కావాలి కనుక ఇస్పేట్లకూ అప్పటికప్పుడు గిట్టదు. కుదిరాక మన నుంచి మరిన్ని చిప్స్ రాబట్టగలనన్న ఆశతో మాత్రమే అతను రావాలి. అలాగని పాట్‌కు రెట్టింపు కొడితే పోవాల్సినవాళ్లంతా పోయి, పదుల జతో మూడు ఎనిమిదులో ఉన్నవాడే మిగులుతాడు. పావు నుంచి సగం పాట్ బెట్ ఎక్కువ మందికి అలవాటు కావడానికి కారణం ఇదే.

టోర్నమెంట్లో దీనిమీద ఇంకో లెక్క కూర్చుంటుంది. గుర్రప్పందేల కోసం డేవిడ్ హార్విల్ 1973లో ఇచ్చిన సూత్రాన్ని మేసన్ మాల్మత్ 1987లో పోకర్ బహుమతులకు అన్వయించాడు. ఎవరి చిప్స్‌కు బహుమతుల్లో సగటున ఎంత వాటా వస్తుందో అది చెబుతుంది. చింతపిక్కలతో చేసి చూడవచ్చు. ముగ్గురు ఆటగాళ్లు, చిప్స్ సమానం, బహుమతులు 50, 30, 20 పిక్కలు. ఒక్కొక్కరి వాటా 33.3. ఇద్దరు ఉన్న చిప్స్ అన్నీ పెట్టి ఆల్-ఇన్ అయితే గెలిచినవాడి చిప్స్ రెట్టింపవుతాయి గానీ వాటా 43.3 దగ్గరే ఆగుతుంది. ఓడినవాడు 20తో లేచిపోతాడు. గెలిస్తే 10 లాభం, ఓడితే 13.3 నష్టం. అంటే గెలుపు అవకాశం 57 శాతం ఉంటేనే ఆ కాల్ గిడుతుంది. రంగు కలవని ఆసు-రాజు మీద తొమ్మిదుల జత గెలిచేది సుమారు 55 శాతం. ముందున్నా పడేయాల్సిన చోటు అది. కొత్తవాళ్లు మనసు ఒప్పుకోక పోగొట్టుకునేది ఇక్కడే.

అందుకే బహుమతుల గీత దగ్గరపడ్డప్పుడు, మనల్ని లేపేయగల చిప్స్ ఉన్నవాడి ముందు ఇలాంటి జతతో పాట్ పెంచకూడదు. చిన్న బెట్, లేదా చెక్. మన కన్నా తక్కువ చిప్స్ ఉన్నవాడి మీద ధైర్యంగా బెట్ చేయవచ్చు, ఎందుకంటే భయపడాల్సింది అతనే.

చట్టం సంగతికొస్తే, సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967లో రమ్మీని నైపుణ్యం ప్రధానమైన ఆటగా గుర్తించి మూడు ముక్కలాట నుంచి వేరు చేసింది. ఆంధ్రప్రదేశ్ 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలపై పార్లమెంటు 2025 ఆగస్టులో దేశమంతటికీ నిషేధ చట్టం చేసింది.