కొడాయ్ పద్ధతి: ఆటపాటలతో లయ బోధన

హంగేరీ స్వరకర్త జోల్తాన్ కొడాయ్ (1882–1967) ఆలోచనల మీద రూపుదిద్దుకున్న సంగీత బోధనా విధానం ఇది. లయ ముందు ఒంటికి పట్టాలి, రాత ఆ తర్వాతే రావాలి అన్నది దీని మూలసూత్రం. పిల్లలు జానపద ఆటపాటలు పాడుతూ అడుగులతో తాళం నిలుపుతారు, చప్పట్లతో పాటలోని మాటల నడకను పలికిస్తారు. ఈ రెండింటి తేడా తెలిశాకే తాళంలో ఒక దెబ్బకు ‘టా’, అందులోని రెండు సగాలకు ‘టి-టి’ అనే పేర్లూ గుర్తులూ నేర్చుకుంటారు.

ఆటలో పడితే రాత వెనకబడుతుందని కొందరి అభ్యంతరం. అయితే అనుభవంలో ఉన్నదానికి పేరు పెట్టుకోవడం, అర్థం కాని గుర్తును వల్లించడం కన్నా తేలిక. గుంపులో పిల్లలు పక్కవారిని అనుకరిస్తారే తప్ప నేర్చుకోరన్న శంక మాత్రం నిజంగా పట్టించుకోవలసినదే. అందుకే పాటను కాసేపు మనసులోనే సాగించి, అడుగు తప్పకుండా మళ్లీ గొంతెత్తమంటారు. లయ లోపల నిలిచిందో లేదో అక్కడ తేలిపోతుంది. 1950లో హంగేరీలోని కెచ్‌కెమేత్‌లో ప్రారంభమైన సంగీత ప్రాథమిక పాఠశాల ఈ విధానానికి తొలి నమూనా.