భర్హుత్ రాళ్లపై ఊళ్ల పేర్లు

కోల్‌కతా ఇండియన్ మ్యూజియంలో ఎర్రని ఇసుకరాతి స్తంభాల వరుస ఒకటి ఉంది. మధ్యప్రదేశ్‌లోని సత్నా ప్రాంతంలో, భర్హుత్ వద్ద 1873లో అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ గుర్తించిన బౌద్ధ స్తూప ప్రాకారమిది. కొద్ది సంవత్సరాలలోనే ఆ రాళ్లు కలకత్తా చేరాయి. చరిత్ర పుస్తకాలు దీనికి ‘శుంగుల కాలపు శిల్పం’ అని పేరు పెట్టి ముందుకు సాగిపోతాయి. రాజవంశం పేరు చెబితే అంతా చెప్పినట్లేనన్న అలవాటు మనకు పాతదే.

రాళ్లు చెప్పేది వేరు. బ్రాహ్మీ లిపిలో చెక్కిన చిన్న ప్రాకృత వాక్యాలలో దాత పేరు, అనేకచోట్ల ఊరి పేరు, చివర ‘దానం’ అన్న మాట కనిపిస్తాయి. మొదటి స్తంభాన్ని ఇచ్చినది విదిశకు చెందిన చాపదేవ, రేవతిమిత్రుని భార్య. ఒక దాతది పాటలీపుత్రం, మరొకరిది నాసిక్. కరహాటకం నుంచి ఏకంగా ఊరి సంఘమే దానం చేసింది. తూర్పు తోరణం కట్టించినది మాత్రం రాజు ధనభూతి. ఆ తోరణం మీదే కొన్ని ఖరోష్ఠి అక్షరాలున్నాయి. కుడి నుంచి ఎడమకు రాసే ఆ లిపి గాంధారం వైపుది. భక్తులు చదువుకోవడానికి కాదు, పనివారు తమ గుర్తు కోసం వేసుకున్నవని పండితుల అభిప్రాయం.

ప్రాచీన వలసలపై ప్రదర్శన రూపొందించేవారికి ఇంతకన్నా మంచి సామగ్రి దొరకదు. చిక్కూ ఇక్కడే ఉంది. గోడపై పటం వేసి, విదిశ నుంచి, గాంధారం నుంచి భర్హుత్‌కు బాణాలు గీస్తే చూడడానికి బాగుంటుంది. కానీ బాణం దండయాత్రల భాష. చాపదేవ వచ్చి స్థిరపడిందని శాసనం చెప్పదు. దానం పంపి విదిశలోనే ఉండిపోయి ఉండవచ్చు. అక్షరం శిల్పి ఎక్కడ చదువు నేర్చాడో సూచిస్తుంది, ఎక్కడ పుట్టాడో చెప్పదు. ‘ముందు వచ్చినవారెవరు, తర్వాత వచ్చినవారెవరు’ అని నేటి రాజకీయం మ్యూజియంను తీర్పు అడుగుతున్న వేళ, పటంలోని ఒక గీత మందం కూడా సాక్ష్యమైపోతుంది. ‘వచ్చి ఉండవచ్చు’ అని రాయడానికి అక్కడ ధైర్యం కావాలి.

అదే మ్యూజియంలో అమరావతి శిల్పాలు కూడా కొన్ని ఉన్నాయి. అమరావతి శాసనాలలోనూ దూరదేశపు దాతలున్నారు: ‘దమిళ కణ్హ’, అతని తోబుట్టువులు. తమిళుడన్న మాట అతని పేరులోనే ఉంది. దానిని దాచవలసిన అవసరం రాయించినవారికి కలగలేదు. ఇక ఆ ఫలకాలు కృష్ణ ఒడ్డును వీడినది కంపెనీ కాలంలో, కాలిన్ మెకంజీ తవ్వకాల తర్వాత. మిగిలినవి చెన్నైకి, లండన్‌కు చెదిరిపోయాయి. వలసల పటంలో ఆ ప్రయాణానికీ ఒక గీత ఉండాలి. దాని సంవత్సరాలు, తరలించినవారి పేర్లు దస్త్రాలలో ఉన్నాయి గనుక, అక్కడ ‘ఉండవచ్చు’ అని రాయనక్కరలేదు.