పేరు కోరని పరిచారకులు

మన దోర్నకల్ అధ్యక్ష మండల చరిత్ర చెప్పుకొనునప్పుడు ముందుగా నోటికి వచ్చు తేదీ 1912 డిసెంబరు 29. ఆ దినమున కలకత్తాలోని సెయింట్ పాల్ కథీడ్రలులో వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్పగుట అదియే ప్రథమము. అది మనకందరకు ఘనత. అయితే ఆ ఘనత ఎవరి భుజములపై నిలిచినదో కూడ తెలిసికొనుట మనకు మేలు.

అంతకు చాలముందే, 1859లో, కృష్ణా ప్రాంతపు రాఘవాపురములో పాగోలు వెంకయ్య అను మాల కులస్థుడు డార్లింగు అయ్యగారి చేత బాప్తిస్మము పొందెను. తాను కనుగొనిన దేవుని గూర్చి తనవారికి చెప్పుచు అతడు ఊరూర తిరిగెను. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు స్వదేశీ మిషనరీ సంఘమును స్థాపించి, తమ కానుకలతో తమవారినే తెలుగు నాటికి పంపిరి. అజరయ్యగారు వై.ఎం.సి.ఏ.లోని పెద్ద పదవిని విడిచి, 1909లో గురుత్వాభిషేకము పొంది, దోర్నకలు చేరి, తెలుగు నేర్చుకొనిరి.

1935 నాటికి మన మండలములో 250 మంది భారతీయ గురువులు, 2,000కు పైగా గ్రామ ఉపదేశకులు ఉండిరి. గురువుల పేర్లు కొన్నియైనను మనకు తెలియును. ఆ రెండువేల మంది ఉపదేశకులలో ఎందరి పేర్లు మనము చెప్పగలము?

ఆ ఉపదేశకుడు చేసిన పని ఎట్టిది? ఊరి బడిలో మన పిల్లలకు చోటు లేని కాలమది. పల్లెలో ఒక పాక వేసినచో పగలు అదే బడి, ఆదివారము అదే గుడి. పశువులు కాచి వచ్చిన పిల్లలకు, కూలికి పోయి వచ్చిన పెద్దలకు దీపము వెలుతురున అక్షరములు దిద్దించుట అతని పని. చదువురాని వారిచేత ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణము కంఠస్థము చేయించుట, కీర్తనలు పాడించుట అతని పని. రోగి యొద్ద కూర్చుండుట, చావు ఇంట నిలువబడుట, ఉత్తరమో అర్జీయో వ్రాసిపెట్టుట కూడ అతని పనియే. జీతము స్వల్పము. అతని భార్య స్త్రీలను కూడదీసి ప్రార్థన నేర్పెడిది. ఆమెకు జీతమే లేదు.

ఆ స్త్రీలే వంటకు బియ్యము కొలుచునప్పుడెల్ల పిడికెడు బియ్యము ప్రభువు కొరకు వేరు చేసిరి. తామే అర్ధాకలితో ఉన్నవారు పెట్టిన ఆ పిడికిళ్లతో సంఘము తన కాళ్లపై నిలుచుట నేర్చుకొనెను. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ ఎపిఫనీ కథీడ్రలును చూచి మనము ఆశ్చర్యపడుదుము. ఆ స్తంభముల వెనుక ఈ పిడికిళ్లను కూడ చూడవలెను.

మన పాత బాప్తిస్మపు రిజిస్టరు తెరచి చూడుడి. బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, బాప్తిస్మమిచ్చిన గురువు పేరు, వీటన్నిటికి గడులున్నవి. ఆ కుటుంబమును నెలల తరబడి సిద్ధపరచిన ఉపదేశకునికి మాత్రము గడి లేదు. అతడు దానిని గూర్చి చింతింపలేదు. గురువుగారు వచ్చు దినమున నీళ్లు తెచ్చి పెట్టి, వెనుక వరుసలో నిలువబడెను. తువాలు కట్టుకొని శిష్యుల పాదములు కడిగిన ప్రభువును ఎరిగినవాడు గనుక ఆ చోటు అతనికి తక్కువగా తోచలేదు.

అజరయ్యగారు కూడ ఈ పనిని జీతగాండ్రకే విడువలేదు. బాప్తిస్మము పొందిన ప్రతివానిచేత తలపై చేయి ఉంచుకొనజేసి, సువార్త చెప్పక ఊరకుండుట తనకు తగదని పలికించెడివారు. సేవ అందరిదని ఆయన ఉద్దేశము.

శతాబ్ది సందర్భమున శిలాఫలకములు వేయుదుము, దాతల పేర్లు చెక్కింతుము. అది తప్పు కాదు. కాని కమిటీ స్థానమునకు పదిమంది ముందుకు వచ్చి, పల్లెలో సాయంకాలము పిల్లలను కూర్చుండబెట్టి బోధించుటకు ఒక్కరును రాని దినము వచ్చినచో, ఆ ఫలకములు ఎవరి కొరకు? ప్రతి పాస్టరేటులోను వృద్ధులను అడిగి, తమకు అక్షరము నేర్పిన ఉపదేశకుని, అతని భార్యను గూర్చి వ్రాసి ఉంచుకొందము. వారు పేరు కోరలేదు, నిజమే. ఆ వ్రాత వారి మెప్పు కొరకు కాదు. మన పిల్లలు ఎవరి అడుగులలో నడువవలెనో తెలిసికొనుటకు. అటుపిమ్మట వారు విడిచిపోయిన పనిని మనమే చేపట్టుదము. ఏ రిజిస్టరులోను గడి లేని సేవను ఎరిగిన దేవునికే మహిమ కలుగును గాక. ఆమేన్.