హొక్కు నుంచి హైకూ వరకు

హైకూ అనగానే మనకు బషో (1644–1694) గుర్తుకు వస్తారు. అయితే ఆయన తన పద్యాలను ఆ పేరుతో పిలవలేదు. ఆ కాలంలో కవులు ఒకచోట చేరి గొలుసు కవిత్వం అల్లేవారు. జపాను లెక్క ప్రకారం ఒకరు 5-7-5 మాత్రల పద్యం చెబితే, మరొకరు 7-7 మాత్రలతో అందుకునేవారు. మొదటి పద్యాన్ని ‘హొక్కు’ అంటారు. గోష్ఠి జరిగే కాలాన్ని సూచించడం దాని బాధ్యత. అందుకే అందులో ఋతువును తెలిపే మాట తప్పనిసరి అయింది.

హొక్కును విడిగా చదివి ఆనందించడం బషో నాటికే ఉంది. కాని దానిని గొలుసు నుంచి పూర్తిగా వేరుచేసి, ‘హైకూ’ అనే పేరును స్థిరపరచినవారు మసవోక షికి (1867–1902). హొక్కు సాహిత్యమే గాని, పలువురు కలిసి అల్లే గొలుసు కవిత్వం సాహిత్యం కాదని ఆయన 1893లో వాదించారు.

ఆ వాదంతో హైకూకు స్వతంత్ర ప్రతిపత్తి దక్కింది. పక్కన కూర్చుని పద్యాన్ని అందుకునే కవి మాత్రం దూరమయ్యాడు. అయినా ఆరంభ పద్య స్వభావం హైకూను వదలలేదు. అది ఒక దృశ్యాన్ని చూపి ఆగిపోతుంది, వ్యాఖ్యానించదు. హైకూ చదివినప్పుడు ‘ఇంతేనా?’ అనిపిస్తే ఈ చరిత్రను గుర్తుచేసుకోండి. తరువాతి కవి కూర్చున్న చోట ఇప్పుడు మీరున్నారు.