బోర్డు గదిలో రెండు ఖాతాలు

కంపెనీ సొమ్ము వాటాదార్లది. దాన్ని ఊరి బడికి ఇవ్వాలా, రాజకీయ పార్టీకి ఇవ్వాలా అని తేల్చేది మాత్రం డైరెక్టర్ల బోర్డు. ఆ బోర్డు ఎవరికి జవాబు చెప్పాలన్న దాన్ని బట్టే ఈ రెండు ఖర్చుల చరిత్రా నడిచింది.

పార్టీలకు విరాళాలివ్వడానికి వీలుగా టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ తన లక్ష్యాలు చెప్పే పత్రమైన మెమొరాండం మార్చుకోబోతే 1957లో వివాదం బొంబాయి హైకోర్టుకెక్కింది. ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. ఛాగ్లా మార్పును అనుమతిస్తూనే, ఇది ప్రజాస్వామ్యానికి ముప్పు తేగలదని హెచ్చరించారు. 1960లో విరాళాలకు పరిమితి వచ్చింది, 1969లో పూర్తి నిషేధం. దాంతో డబ్బు ఆగలేదు, లెక్కల్లోంచి మాయమైంది. 1985లో నిషేధం ఎత్తేసి, సగటు లాభంలో 5 శాతం వరకు, బోర్డు తీర్మానంతో, లెక్కల్లో చూపించి ఇవ్వవచ్చన్నారు.

సేవ విషయంలో మలుపు హైదరాబాదులోనే కనిపిస్తుంది. 2008 డిసెంబరులో సత్యం కంప్యూటర్స్ బోర్డు, స్వతంత్ర డైరెక్టర్లతో సహా, ప్రమోటర్ల కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థలను కొనడానికి ఒప్పుకుంది. మదుపరులు తిరగబడితే గంటల్లోనే వెనక్కి తగ్గింది. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు లెక్కల్లో వేల కోట్ల బూటకం ఉందని లేఖ రాశారు. ఆయన కుటుంబమే బైర్రాజు ఫౌండేషన్‌తో పల్లెల్లో పనిచేసింది, 108 అంబులెన్సులకు పునాది వేసింది. ఆ సేవ ప్రాణాలు నిలిపింది, నిజమే. కానీ ఎంత సేవ చేసినా లెక్క చెప్పే బాధ్యత తీరదు.

2013 కంపెనీల చట్టం ఆ పాఠాన్ని కొంత పట్టుకుంది. స్వతంత్ర డైరెక్టర్ల బాధ్యతలు స్పష్టం చేసింది. పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు కేటాయించాలని, అందుకు బోర్డులో ప్రత్యేక కమిటీ ఉండాలని, ఖర్చు చేయకపోతే కారణం చెప్పాలని అంది. పార్టీ విరాళాలు ఈ పద్దులోకి రావని నిబంధనలు తేల్చాయి. విరాళాల పరిమితి 7.5 శాతమైంది.

నాలుగేళ్లకే రాజకీయ ఖాతా తలుపు మూసేశారు. 2017 ఆర్థిక చట్టం ఆ పరిమితిని ఎత్తేసింది, పార్టీ పేరు చెప్పనక్కర్లేదంది. ఇచ్చినవాళ్ల పేరు బయటపడకుండా పార్టీలకు డబ్బు చేర్చే ఎన్నికల బాండ్లు 2018లో వచ్చాయి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు 2017 మార్పులనూ, బాండ్లనూ కొట్టేసింది. మార్చిలో బయటపడిన బాండ్ల జాబితాలో రెండో పెద్ద కొనుగోలుదారు హైదరాబాదుకు చెందిన మేఘా ఇంజనీరింగ్. విలువ సుమారు 966 కోట్ల రూపాయలు. కోర్టు చెప్పకపోతే ఈ పేర్లేవీ మనకు తెలిసేవి కావు.

బడికిచ్చిన డబ్బుకు కమిటీ, నివేదిక, సంజాయిషీ ఉన్నాయి. ప్రభుత్వ నిర్ణయాలను మలచగల డబ్బు ఇవ్వడానికి మాత్రం ఒక్క బోర్డు తీర్మానం చాలు. ఆ నిర్ణయాల కోసం చేసే లాబీయింగ్‌ను నమోదు చేయించే చట్టమే మనకు లేదు. అమెరికాలో అలాంటి చట్టం 1946 నుంచీ ఉంది. బ్రిటన్‌లో కంపెనీ పార్టీకి విరాళమివ్వాలంటే వాటాదార్ల ఆమోదం కావాలని 2000లోనే చట్టం చేశారు. మన చట్టంలోనూ ఆ షరతు చేరాలి. సొమ్ము ఎవరిదో వాళ్ల అనుమతి అడగడం కనీస ధర్మం.